దుప్పట్ల లెక్క

నలభై గదులకి ఎనభై దుప్పట్లు,
ఎనభై గలీబులు.
లాడ్జీ ఎలా నడుస్తోందో
బులిరాజు గారికి బ్యాంకు చెప్పేది.
నాకు మాత్రం
మేడ మీద తాడు చెప్పేది.

ఆ వేసవి తాడు ఖాళీ.
యానాం వంతెనకి ఈ కొసన ఒక ప్రభుత్వం,
ఆ కొసన ఇంకొకటి.
నడుమ డ్రమ్ములు, సరుగుడు బాదులు,
ఇటు ఎర్ర టోపీ, అటు ఖాకీ టోపీ.
గౌతమికి అవతల ఎదుర్లంకలో
మా వీధి దీపం కనిపిస్తూనే ఉంది.
ఇంటికెళ్ళడానికి ఏ కాగితం కావాలో
ఆ టోపీకీ తెలీదు, ఈ టోపీకీ తెలీదు.
దుప్పట్ల గదిలోనే చాప పరుచుకున్నాను.

మిగిలినవాళ్ళు నలుగురు,
సముద్రంలో గ్యాసు బావికని వచ్చి
ఒడ్డున చిక్కుకున్నవాళ్ళు.

నూట ఒకటిలో స్వీడనాయన.
వాళ్ళ ఊళ్ళో కాఫీ కొట్లు తెరిచే ఉన్నాయట.
సాయంత్రం ఏటిగట్టుకి నడిచెళ్ళి
పిక్క మీద లాఠీ వాతతో వచ్చాడు.
"చెబితే వింటాం కదా, కర్రెందుకు?" అన్నాడు.
వంటాయన తన ఇంగ్లీషులో అడిగి చెబితే
"కర్ర లేకపోతే చెప్పారని మాకు తెలీదు బాబూ"
అన్నాను. అది ఆయనకి ఏమని చెప్పాడో మరి,
ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

రెండొందల నాలుగులో కొరియా కుర్రాడు.
ఎవరికి జబ్బొచ్చిందో, ఏ సందులో తిరిగారో
అక్కడ ఫోనే మోగి చెబుతుందట.
మా పేటలో ఆ పని సుబ్బాయమ్మది,
ఫోను కూడా అక్కర్లేదు.
తన దుప్పటి తనే మడిచి
ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి
పైన తేదీ రాసి గుమ్మం బయట పెట్టేవాడు.

ఇటలీ ఆయన గురించి ఎక్కువ తెలీదు.
భోజనం పళ్ళెం అలాగే తిరిగొచ్చేది.
గలీబు మాత్రం ఉతక్కముందే
ఉప్పుచారలు కట్టి ఉండేది.

న్యూజిలాండ్ ముసలాయన దేశం
మన లంకల్లాంటిదే, చుట్టూ నీళ్ళు.
వరదప్పుడు గండి పూడ్చినట్టు
వాకిలి మూసేసుకున్నారు.
సొంతవాళ్ళైనా సరే, లోపలికి రావాలంటే
సర్కారు హోటల్లో ముందు గది దొరకాలి.
ఇక్కడ ముప్పై ఆరు గదులు
బూజు పడుతుంటే
అక్కడ ఒక్క మంచం కోసం
ఆయన రోజూ వరసలో కూర్చునేవాడు,
ఫోను పట్టుకుని, మెట్ల మీద.

మస్కట్ నించి మా ఆడపడుచు వీరవేణి:
"మూడొందల గదులొదినా, మనిషి లేడు.
సగం జీతం. రేపటినించి
విమానం దిగినోళ్ళని మా దగ్గరే పెడతారంట,
బిల్లు దిగినోళ్ళదేనంట."
"మరి నీకు పూర్తి జీతమిస్తారా?"
"అదడగలేదు."

తర్వాత మాకూ జనాన్ని పంపారు,
వచ్చే పోయే వాళ్ళు, పధ్నాలుగేసి రోజులు.
తాడు నిండింది.
తెల్లటి దుప్పట్లు గాలికి
తెరచాపల్లా కొట్టుకుంటుంటే
బులిరాజు గారు మెట్లెక్కొచ్చి చూసి
నిలబడి బీడీ కాల్చి దిగిపోయారు.
ఆ బిల్లు ఇప్పటికీ ఏదో ఆఫీసులో
అర్ధాకలితో తిరుగుతోంది.
"కొన్ని దేశాల్లో హోటళ్ళ పనోళ్ళకి
సర్కారే జీతాలిచ్చిందట లోవమ్మా" అన్నారొకసారి.
నా వైపు చూళ్ళేదు. నేను
క్లిప్పులు లెక్కపెట్టుకున్నాను.

ఇప్పుడు ఆదివారాలు గదులు చాలవు.
పడవ షికారుకని, చేపల పులుసుకని
కార్లలో వస్తున్నారు.
వంతెన మీద డ్రమ్ములు లేవు,
ఒక దానిలో ఎవరో కరివేపాకు మొక్క వేశారు.

లెక్కలో మాత్రం డెబ్భై తొమ్మిదే రాస్తాను.
ఆ ఎనభయ్యోది బీరువా అడుగున
మూతి కట్టిన సంచిలో ఉంది.
తేదీ కొరియా రాతలో ఉంది,
నాకు చదవడం రాదు.
ఎన్నాళ్ళాగి విప్పాలో
ఏ దేశాన్నడగాలి?